బ్లెండర్ మోగని కొట్టు

హోటల్ గదిలోకి సముద్రం హోరు మరీ ఎక్కువగా వినిపిస్తోందని ఫిర్యాదు చేస్తున్న ఒక ఆస్ట్రేలియా పెద్దమనిషికి ఫోన్‌లో క్షమాపణ చెబుతూ ఉండగా, రత్నావతి ఒళ్లో గ్లాసుడు వేడి టీ ఒలికింది. గ్లాసును తోసింది పిల్లి. పిల్లి తన దారిన తాను బల్ల దిగి వెళ్లిపోయింది. రత్నావతి మాత్రం కుర్చీలోంచి ఎగిరి, "ఓలమ్మోలమ్మా! కాలిపోనాదే తల్లో!" అని కేక పెట్టింది.

ఆ కేక ఇద్దరు విన్నారు. ఒకాయన ఆస్ట్రేలియాలో ఉన్నాడు, ఆయనకి తెలుగు రాదు. రెండో మనిషి కాఫీ కొట్టు యజమాని దాలమ్మ. ఆవిడకి తెలుగు వచ్చు. గొడవంతా అక్కడే ఉంది.

రత్నావతిది మలేషియాలోని బంటింగ్ ఊరు. ఉద్యోగం సైబర్‌జయలో, హోటళ్లు బుక్ చేసే ఒక కంపెనీలో. ఫోన్ చేసి తిట్టేవాళ్ల తిట్లు ఓపిగ్గా వినడం ఆమె పని. అద్దె దండగని కంపెనీ తన ఆఫీసు ఖాళీ చేసి, ఎక్కడి నుంచైనా పని చేసుకోండి, కాకపోతే ఫోన్‌లో చుట్టుపక్కల చప్పుడు వినపడకూడదు అంది. సరిగ్గా అప్పుడే భర్త దేవరాజన్‌కి లంగ్కావి దీవిలో ఒక హోటల్లో లెక్కలు చూసే పని దొరికింది. స్నేహితురాళ్లు కుళ్లుకున్నారు. "ఐలాండ్ లా! కాళ్ల కింద ఇసక, ఒళ్లో లాప్‌టాప్!" అన్నారు, మలేషియా అలవాటు ప్రకారం మాట చివర "లా" తగిలిస్తూ. తీరా దొరికిన ఇల్లు మోటార్‌సైకిళ్లు అద్దెకిచ్చే షాపు పైన. బండి తీసుకోవడానికొచ్చిన ప్రతివాడూ ముందు దాన్ని చెవులు చిల్లులు పడేలా రేజ్ చేసి చూసేవాడు.

చప్పుడు గురించి రెండు హెచ్చరికలొచ్చాయి. మూడోది వస్తే ఇక ఉద్యోగానికి రానక్కర్లేదని, ఆఫీసే లేని కంపెనీ తరఫున సూపర్‌వైజర్ కిశోర్‌కుమార్ ఒక నవ్వు బొమ్మ పెట్టి మరీ పంపాడు.

అప్పటినుంచి రత్నావతి సంచీ భుజాన వేసుకుని కాఫీ కొట్ల వేటలో పడింది. ఇంటర్నెట్‌లో అందరూ మెచ్చుకున్న కొట్లో నెట్ బ్రహ్మాండంగా ఉంది, కానీ ఆ మెచ్చుకున్నవాళ్లంతా అక్కడే కూర్చుని ఎవరి మీటింగ్ వాళ్లు అరుస్తున్నారు. ఇంకోచోట వెదురు కుర్చీలు, వేలాడే దీపాలు, ఫొటోకి తప్ప దేనికీ పనికిరాని బల్లలు. ప్లగ్గు ఎక్కడుందని అడిగితే సముద్రం వైపు చూసి ఆనందించమన్నారు. మరోచోట ఏసీ చల్లగా ఉంది, చప్పుడు లేదు, అంతా బాగానే ఉంది. ఒకమ్మాయి మాత్రం మాటిమాటికీ వచ్చి "ఇంకేమైనా కావాలా?" అనేది, ఇంకా లేవలేదా అన్నట్టు. పక్క బల్ల దగ్గర పొద్దుటినుంచీ ఒకే కాఫీతో కూర్చున్న తెల్లాయన్ని మాత్రం అడిగేది కాదు.

చివరికి జెట్టీ దారిలో, రేకుల కింద నాలుగు బల్లలున్న దాలమ్మ కొట్టు దొరికింది. నెట్ రాజాలా ఉంది. మనవడు సర్వేశ్ క్లాంగ్ నుంచి సెలవులకొచ్చి, నెట్ లేదని అలిగితే పెట్టించిందట. వాడు మళ్లీ రాలేదు, నెట్ ఉండిపోయింది.

మొదటిరోజే దాలమ్మ టీ పెట్టి, తమిళంలో పేరడిగింది. పేరు వినగానే కళ్లు ఇంతింత చేసి, "తెలుంగా?" అంది.

రత్నావతికి బంటింగ్ పెళ్లిళ్లు కళ్లముందు మెదిలాయి. ఏ రబ్బరు తోట మీది? ఎవరి మనవరాలివి? మీ తాత ఏ ఓడలో వచ్చినాడు? అలా మొదలైతే సాయంత్రానికి వావి తేలుతుంది, మర్నాటికి భోజనానికి పిలుపొస్తుంది, ఆ వెనకే మూడో హెచ్చరిక వస్తుంది.

"ఇల్లె ఆంటీ, తమిళ్‌దాన్," అంది, కాదు, తమిళమేనని.

"ఓ," అని దాలమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. రత్నావతికి నిశ్శబ్దం దొరికింది.

వానల గురించీ చేపల రేటు గురించీ దాలమ్మ తమిళంలో ఎంతైనా మాట్లాడగలదు. కానీ భర్త తాతబాబు పోయాక ఆ చుట్టుపక్కల ఆవిడతో తెలుగు మాట్లాడే ప్రాణి లేదు. మనవడు ఫోన్‌లో అంతా విని "ఓకే లా" అంటాడు. అందుకని పిల్లితో మాట్లాడేది, టీ గిన్నెతో మాట్లాడేది, మధ్యాహ్నం కొట్టు వెనక్కి వెళ్లి బంటింగ్‌లో ఉన్న తమ్ముడు అప్పయ్యతో ఫోన్‌లో మాట్లాడేది. వెనక గోడ చెక్కది. అన్నీ వినపడేవి.

ఒకరోజు ఇది వినపడింది: "ఆ అరవ పిల్ల ఒచ్చినాదిరా. ఫోన్లో ఎవుడో దాన్ని రోజూ తిడతన్నాడు, ఇది నవ్వతానే సారీ సారీ అంతాది. ఏటి కట్టమో, పాపం. అది ఫోన్లో ఉంటే నాను బ్లెండరు ఎయ్యను. దొరలొచ్చి జూసు అడిగితే మిసను పాడైపోనాదని సెప్పేత్తన్నాను." అవతల అప్పయ్య కసిరినట్టున్నాడు. "పోనీలేరా! యాపారం పోతే పోనాది. కొట్లో ఒక మనిసి కూకున్నట్టుంతాది."

ఆరోజే చెప్పేద్దామనుకుంది రత్నావతి. కానీ తెలుగుదాన్నని చెబితే, అంతా విన్నానని కూడా చెప్పినట్టే. రేపు చూద్దాంలే అనుకుంది. రేపటికి అది ఇంకాస్త బరువెక్కింది. వానలు వచ్చి వెళ్లాయి. కోడలి మీద కోపం, మోకాళ్ల నొప్పి, తాతబాబు ఆఖరి రోజులు, అన్నీ గోడ ఇవతల కూర్చుని విని, టీ తాగి, "వరేన్ ఆంటీ" అని తమిళంలోనే వస్తానని చెప్పి ఇంటికెళ్లేది. ఇంత మంచి కొట్టు దీవిలోనే లేదని దేవరాజన్ దగ్గర మురిసిపోయేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, పిల్లి బల్లెక్కింది.

కేక వినగానే దాలమ్మ చెంబుడు చన్నీళ్లు తెచ్చి ఒళ్లో గుమ్మరించింది. రత్నావతి ఫోన్ పెట్టేసి, మూడో హెచ్చరిక కోసం తెర వంక చూస్తూ కూర్చుంది. కిశోర్‌కుమార్ దగ్గర్నుంచి సందేశం వచ్చింది. నీకు దెబ్బ తగిలిందేమోనని కస్టమర్ కంగారు పడుతున్నాడు, సముద్రం మీద ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు, వెల్ డన్ లా!

ఉద్యోగం నిలబడింది.

తలెత్తేసరికి దాలమ్మ ఎదురు కుర్చీలో కూర్చుని ఉంది. ఇన్నాళ్లలో ఆవిడ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ముఖం వెలిగిపోతోంది.

"నువ్వు మనోళ్ల పిల్లవేటే! ఏ తోటే మీది?"

రత్నావతి నోరు తెరవకముందే ఆ వెలుగు తగ్గడం మొదలైంది. దాలమ్మ చూపు చెక్క గోడ మీదికి వెళ్లి, అక్కడినుంచి రత్నావతి కుర్చీ దగ్గరికి తిరిగొచ్చింది. చీర మార్చుకుంటుండగా ఎవరో చూశారని ఇప్పుడే తెలిసినట్టు, ఆవిడ కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

"అంతా ఇన్నావు," అంది.

రత్నావతి లాప్‌టాప్ మూసేసింది.

"నాను పిల్లితోటి మాటాడుకుంతంటే సూత్తా కూకున్నావు. మా ఆయన పోయిన సంగతి సెప్పుకోని ఏడుత్తంటే ఇంటా టీ తాగినావు. ఒక్కపాలి అత్తా అని పిలవనేకపోనావేటే? ఎందుకు సెప్పనేదే?"

సారీ చెప్పడం రత్నావతి ఉద్యోగం. ఎంత కోపంలో ఉన్న మనిషికైనా సరిపడే సారీలు ఆమె నోటికి కంఠతా వచ్చు. వాటిల్లో తెలుగుది ఒక్కటీ లేదు.

"సెప్తే నువ్వు మాటాడతావని, అత్తా."