పట్టిన, ఇడువు

ఇనుప ర్యాకులో సర్వర్ బిగించాలంటే ఇద్దరు ఉండాలి. బరువైనది కింది వరుసలో పెట్టాలి, ఎత్తేటప్పుడు నడుము కాదు, మోకాళ్లు వంచాలి. ఇవి అందరికీ తెలిసిన జాగ్రత్తలే. రెండోవాడు "పట్టిన" అనేదాకా మొదటివాడు చెయ్యి వదలకూడదన్నది మాత్రం నాతో పనిచేసిన అన్న పెట్టిన నియమం. జుక్కల్ వైపు మనిషి. "పట్టిన తమ్మీ, ఇడువు" అని ఆయన అన్నాకే నేను వదిలేవాణ్ణి.

ఆ అన్న దుబాయి వెళ్లిపోయాడు. ఆయన జాగాలో ఇంకొకరిని ఇవ్వమంటే కంపెనీవాళ్లు చూద్దామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు. కామారెడ్డిలో నా గదిలోనూ నేనొక్కణ్ణే. కొన్ని రోజులు బస్సు కండక్టరుతో తప్ప ఎవరితోనూ మాట్లాడను. ఆ మాట కూడా "ఎల్లారెడ్డి ఒకటి".

ఆ రోజు ఎల్లారెడ్డిలో ఒక ఆఫీసుకు కొత్త సర్వర్ పెట్టాలి. వెళ్లేసరికి అందరూ అన్నానికి పోయారు. ఆగితే సరిపోయేది. ఒకరిని బతిమాలడం నాకు చేతకాదు. డిస్కులు ఊడదీసి, బరువు కాస్త తగ్గించి, ఒక్కణ్ణే ఎత్తాను.

సర్వర్ ఎడమ పక్క ర్యాకు లోపలి ఇనుప పట్టాలో కూర్చుంది. కుడి పక్క కూర్చోలేదు. వదిలితే నా పాదాల మీద పడుతుంది. పాదాల సంగతి సరే, సర్వర్ పగిలితే నా ఉద్యోగం కూడా పోతుంది. జేబులో ఫోన్ మోగింది గానీ తీయడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఎవరన్నా ఉన్నరా?" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఏదో కాగితం పని మీద నాగిరెడ్డిపేట నుంచి వచ్చిన ఒక నడివయసు ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుని ఉందట. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది.

"ఏంది తమ్మీ, ఒక్కనివే లేపినవా?" అని కసిరింది. "గడ్డిమోపు నెత్తికెత్తుకోవాలన్నా గట్టు మీద ఎవరన్నా వచ్చేదాంక ఆగుతం గద. పిలిస్తే రామా?"

ఎక్కడ పట్టుకోవాలో గడ్డంతో చూపించాను. కొంగు నడుముకు దోపి, రెండు చేతులూ అడుగున పెట్టింది.

"పట్టిన తమ్మీ, ఇడువు."

ఆ మాట విని నెలలైంది. కుడి చెయ్యి తీసి పట్టా సరిచేయాలి, అంతే పని. తీయలేకపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గేసింది.

బరువు తనకు సరిగ్గా అందలేదనుకుందేమో, ఆమె చేతులు ఇంకాస్త లోపలికి జరిపింది.

"నేను పట్టిన గద," అంది మెల్లగా. "నువ్వు ఇడువు."

అప్పుడు వదిలాను.