తూకానికి ముందు పరుగు

కరోనా రోజుల్లో కాలేజీకి తాళం పడి ఇంటికి చేరిన మా మనవడు, జిమ్ము మూసేశారు, కండలు కరిగిపోతున్నాయి తాతా అని వారం రోజులు మొహం వేలాడేసుకుని తిరిగి, చివరికి ఏదో పొడి డబ్బా తెప్పించుకుని, పాలల్లో కలుపుకుని తాగుతూ మిద్దె మీద గెంతులు మొదలుపెట్టాడు. నవ్వబోయాను గాని నవ్వు రాలేదు. చదువులు ఆగిపోయిన ఏడాది మా బతుకుల్లోనూ ఒకటి ఉంది.

మీలో నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, డెబ్బైల మొదట్లో ప్రత్యేకాంధ్ర కావాలని ఊళ్లలో అలజడులు లేచి, బస్సులూ లారీలూ నిలిచిపోయి, కాలేజీలకూ హాస్టళ్లకూ కలిపి తాళాలు వేశారు. నేనూ మా మేనత్త కొడుకూ నెల్లూరులో ఒకే క్లాసు, ఒకే హాస్టలు. డ్రిల్లు మాస్టరు గారు చీకటితోనే మమ్మల్ని గ్రౌండుకు తోలి దండీలు, బస్కీలు తీయించేవారు. పరుగులో మా బావను మించినవాడు కాలేజీ మొత్తంలో లేడు. ఇళ్లకు పొమ్మన్న రోజున మాస్టరు గారు చెప్పింది ఒక్కటే, ఒళ్లు వదలొద్దని. నేను ముత్తుకూరు దగ్గర మా ఊరికి వచ్చి నాలుగు రోజులు వంగి లేచి, ఆ పైన అమ్మ వేసిన గడ్డపెరుగన్నం తిని శుభ్రంగా పడుకున్నాను. బావ మాత్రం వదల్లేదు.

వాళ్లది సముద్రపు ఒడ్డున చిన్న పల్లె. బావ చిన్నప్పుడే మామ పోతే అత్త ఉప్పు పండించే కయ్యల్లో కూలి చేసి కొడుకును పెంచింది. ఉప్పునీళ్లలో నిలబడీ నిలబడీ ఆమె పాదాలు పగిలి నెత్తురు కారేవి. పోలీసు ఉద్యోగం తెచ్చుకుని అమ్మను ఆ కయ్యల్లోంచి గట్టుకు లాగాలన్నది బావ పట్టుదల, వయసు హద్దు చూస్తే ఆ ఏడే ఆఖరు. అలాంటి ఏడాది లారీలు రాక, ఉప్పు కుప్పలు తాటాకుల కింద అట్లాగే పడి ఉండి, అత్తకు కూలి లేకుండా పోయింది. హాస్టలు కూడు పోయింది, ఇంట్లో రోజుకొక పూట సంగటి. మా ఇంటికి రమ్మంటే, పొలం తగాదాలో మా నాయనకూ అత్తకూ మాటల్లేవాయె, అభిమానం అడ్డం వచ్చి రాడు. ఆ ఒక్కపూట తిండితోనే రోజూ తెల్లవారుజామున తడి ఇసుక మీద పరుగెత్తేవాడు. నేను సైకిలు మీద వెళ్లినప్పుడల్లా ఇంకాస్త చిక్కిపోయి కనిపించేవాడు. పరుగు గురించి అతనికి బెంగ లేదు, బెంగంతా తూకం గురించే, ఇంత బరువని లెక్క, అంతకు తగ్గితే పోలీసుల్లోకి తీసుకోరు.

బక్కవాళ్లకు ఆ రోజుల్లో ఒక ఉపాయం ఉండేది. తూకానికి ముందు అరటిపండ్లు మింగి చెంబులకొద్దీ నీళ్లు తాగడం. తూకం ముందు, పరుగు బాగా పొద్దెక్కాక, కాబట్టి ఈలోగా కడుపు తేలికపడుతుందని ధీమా. ఎంపికకు పిలుపు రాగానే అత్త ఎవరి కాళ్లు పట్టుకుందో గాని డజను పండ్లు తెచ్చింది, అందులో ఒక్క పండు తను నోట వేసుకోలేదు. ఇద్దరం నా సైకిలు మీద నెల్లూరు పోయాం. గ్రౌండు గోడ పక్కన నిలబడి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా బావ ఒకదాని వెంట ఒకటి మింగాడు. తీరా లోపలికి పోతే, తూకం మిషను ఇంకా రాలేదు, ఎండ ముదరకముందే పరుగు కానిచ్చేద్దామన్నారు.

రెండు చుట్లు మా బావే ముందు. మూడో చుట్టులో పొట్ట పట్టుకుని, అందరి కళ్లముందూ కక్కుకుంటూ మట్టిలో పడిపోయాడు. నవ్వినవాళ్లున్నారు. వాళ్ల నోళ్లు పడిపోను, ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం తగ్గలేదు.

తిరుగుదారిలో సైకిలు వెనకనుంచి బావ అన్నాడు, "అమ్మకు పండ్ల సంగతి చెప్పబాకరా. కాలు బెణికిందని చెప్పు."

అట్లాగే చెప్పాను. అత్త ఏడవలేదు. ఉప్పు మూటకట్టి, పెనం మీద వెచ్చజేసి, ఏమీ కాని ఆ కాలికి కాపడం పెడుతూ, పండ్లన్నీ తిన్నావా నాయనా అని అడిగింది. "అన్నీ తిన్నానమ్మా, అందుకే ఆ మాత్రమన్నా పరిగెత్తినా" అన్నాడు బావ. నేను బయటికి వచ్చేశాను.

కాలేజీ తెరిచాక నేను పోయాను, బావ రాలేదు. తల్లి పక్కనే కయ్యల్లోకి దిగాడు. కాలు మోసం చేసింది గాని లేకుంటే నా కొడుకు ఈపాటికి పోలీసయ్యుండేవాడని అత్త కనిపించిన వాళ్లందరికీ చెప్పుకునేది, అందుకని ఆమె ముందు బావ ఎప్పుడూ కొంచెం కుంటుతూనే నడిచేవాడు. ఆమెను కాటికి మోసుకుపోయిన రోజున మాత్రం తిన్నగా నడిచాడు.

ఇప్పుడు ఆ కయ్యలు లేవు, రొయ్యల చెరువులు వచ్చాయి. పొద్దున్నే రోడ్ల మీద పరుగెత్తేవాళ్లకు డాక్టర్లు తిండి తగ్గించమని చెబుతున్నారట. మంచి కాలమే, కాదనను. అది మా బావకు కాస్త ముందుగా వచ్చి ఉండకూడదా అన్నదే నా ఏడుపు.