చిన్నతాత రాయికి సున్నం

మా చిన్నప్పుడు... ఒకరోజు పొద్దున్నే మా చిన్నతాత రాయి తెల్లగా కనిపించింది. చేనికి పోయిన జీతగాడు చూసి, పరుగున వచ్చి మా అవ్వకు చెప్పినాడు. చల్ల చిలుకుతున్న అవ్వ కవ్వం వదిలేసి లేచింది.

ఆ రాయి సంగతి చెప్పాలి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే రోడ్డు పక్కన, మా ఊరి మలుపులో ఉండేది. నా నడుమెత్తు నల్లరాయి, దాని మీద కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ. కాలువ నీళ్ల తగాదాలో మా తాత తమ్ముణ్ణి అక్కడే నరికినారు. నరికింది ఎవరో కాదు... మా అమ్మ పుట్టింటివాళ్లు. నేను పుట్టినాక జరిగిన గొడవ అది. ఆ తర్వాత అమ్మ పుట్టింటి గడప తొక్కలేదు. పక్క ఊరే అయినా సరే.

అమావాస్యకు అవ్వ పోయి ఆ రాయికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి వచ్చేది. సున్నం మాత్రం పెట్టేది కాదు. మా ఇండ్లల్లో అదొక కట్టుబాటు... చంపినవాళ్లలో ఒకణ్ణి చంపేదాకా రాయి నల్లగానే ఉండాలి. పగ తీరిన రోజే సున్నం. ఆ సంగతి మా ఊరికీ తెలుసు, అమ్మ పుట్టింటివాళ్లకూ తెలుసు.

అందుకే అవ్వ మా నాయనను పిలిచి అడిగింది. "ఎవర్ని ఏసినార్రా?"

"నాకేం తెల్దుమా," అన్నాడు నాయన.

అవ్వ నమ్మలేదు. నమ్మకపోగా కొడుకు తల నిమిరింది. ఆ ముఖంలో సంతోషం తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్లు మండుతుంది.

వంటింట్లో జొన్నరొట్టె తడుతున్న అమ్మ అంతా విన్నది. ఆమెకు ఒక్కడే అన్న, ఓబులేసు మామ. ముందురోజు పత్తి బండ్లతో నంద్యాలకు పోయినాడనీ, ఇంకా తిరిగి రాలేదనీ గాజులామె చెప్పి పోయింది. అమ్మ పిండి చేతులతోనే బయటికి వచ్చింది.

"మా అన్ననేం చేసినావ్?"

నాయన నా తల మీద చెయ్యి పెట్టినాడు. "నా కూతురి మీద ఒట్టు. నేనేం చేయలా. మనోళ్లనంతా అడిగినా, ఎవురూ చేయలా."

"అట్లయితే బేగా పోయి ఆ సున్నం కడిగేయి. మావాళ్లు చూసినారంటే మా అన్న సచ్చినాడనే అనుకుంటారు."

నాయన బిందెడు నీళ్లు, కొబ్బరిపీచు తీసుకున్నాడు. కొడవలి తీసుకుపొమ్మని అవ్వ అరిచింది. "రాయి కడగనీకి కొడవలెందుకు?" అని కొడవలి లేకుండానే పోయినాడు. అమ్మ చంటివాడైన నా తమ్ముణ్ణి చంకనేసుకుని, నా చెయ్యి పట్టుకుని వెనకే నడిచింది. తాను పక్కనుంటే పుట్టింటివాళ్లు చెయ్యి ఎత్తరని నమ్మింది, పిచ్చితల్లి.

వాళ్లు అప్పటికే చూసినారు. మేం రాయి దగ్గరికి పోయి కాసేపయిందో లేదో, అమ్మ చిన్నాయన, ఆయన కొడుకులు గొడ్డళ్లతో వచ్చినారు. నాయన రాయి ముందు కూర్చుని రుద్దుతున్నాడు. మోచేతుల దాకా సున్నం.

"మా ఓబులేసును ఏసి, సున్నం పూస్తాండావా?"

"కడుగుతాండా మామా... కడుగుతాండా, సూడు," అని నాయన రెండు చేతులూ ఎత్తి చూపించినాడు. తెల్లటి చేతులు. వాళ్లకు కనిపించింది అదే.

మొదటి వేటు ఆ చేతుల మీదే పడింది. రెండోది మెడ మీద. అమ్మ అడ్డం పోతే సొంత చిన్నాయనే జుట్టు పట్టి పక్కకు ఈడ్చినాడు. నాయన రాయి మీద బోర్లా పడినాక కూడా ఆపలేదు. గొడ్డలి ఎముకకు తగిలిన చప్పుడు... వద్దులెండి. తడి సున్నం మీద నెత్తురు కారి నేలకు దిగింది. నేను రోడ్డు మధ్యలో నిలబడి ఉచ్చ పోసుకున్నా.

మధ్యాహ్నం నంద్యాల బస్సు జనాన్ని చూసి ఆగింది. ఓబులేసు మామ దిగినాడు, చేతిలో బొరుగుల పొట్లం. పత్తి తూకం ఆలస్యమై రాత్రి మిల్లు దగ్గరే పండుకుని, బండ్లను వెనక రమ్మని బస్సెక్కినాడంట.

అమ్మ ఆయన్ను చూసి ఏడవలేదు. "నువ్వు సచ్చినావని నా మొగుణ్ణి సంపినారన్నా," అంది. మామ ఆ దుమ్ములోనే కూలబడ్డాడు.

మరి సున్నం ఎవరు పెట్టినారు? మరుసటి రోజు తెలిసింది. కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులు. ఎవరో మంత్రి ఈ దోవన వస్తున్నాడని, రోడ్డు కూలీలు మైలురాళ్లన్నిటికీ సున్నం కొట్టుకుంటూ పోయినారు. వేరే ఊరి నుంచి వచ్చిన కొత్తవాళ్లు. మసక వెలుతురులో దీన్నీ మైలురాయే అనుకున్నారు. అంతే... ఇంకేం లేదు.

నాయన దినాలు అయినాక, అవ్వ ఆళ్లగడ్డ నుంచి బొమ్మలు చెక్కేవాణ్ణి పిలిపించింది. చిన్నతాత పక్కన కొడుక్కీ రాయి నిలబెట్టాలని. అమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"నా మొగునికి రాయొద్దు. అది నల్లగుండాదని సూసుకుంటా నా కొడుకు పెరుగుతాడు. పెద్దయి పోయి మా అన్నను నరుకుతాడు. నాకొద్దు."

అవ్వ మన్నెత్తి పోసింది, ఛాతీ బాదుకుంది, పుట్టింటి పక్షందానా అని బండబూతులు తిట్టింది. అమ్మ కదల్లేదు. వచ్చినవాడు వచ్చిన దోవనే పోయినాడు. తమ్ముడు కత్తి ముట్టుకోకుండా పెరిగినాడు. పెద్దయినాక ఓబులేసు మామ కూతుర్నే చేసుకున్నాడు.

ఇప్పుడు కొందరు కుర్రోళ్లు కొడవళ్ల ఫోటోలు పెట్టి మీసాలు తిప్పుతుంటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా మలుపే లేకుండా పోయింది, చిన్నతాత రాయి కూడా మట్టిలో కలిసింది. కారులో పోతుంటే నాయన పడిన చోటు ఎప్పుడు దాటిపోతానో నాకే తెలియదు... అమ్మ చేసింది నూటికి నూరుపాళ్లు సరైనదే. అయినా ఆ రోడ్డు మీద పోయిన ప్రతిసారీ కిటికీలోంచి వెతుకుతూనే ఉంటా.

మీ దోవల్లో కూడా ఇట్లా రాయి లేకుండా పోయినవాళ్లు ఉంటే, వాళ్ల పేరొక్కటి కింద రాసిపోండి. మా నాయన పేరు పుల్లయ్య.