‘సరిచూసినవారు’ గడిలో సంతకం

మా ఫ్యాక్టరీలో ప్రతి డ్రాయింగుకూ కుడివైపు కింది మూలన ఒక చిన్న పట్టిక ఉండేది. అందులో మూడు గళ్లు: గీసినవారు, ట్రేస్ చేసినవారు, సరిచూసినవారు. మొదటి గడిలోనూ చివరి గడిలోనూ ఒకాయనే సంతకం చేసేవాడు. మధ్య గడి నాది. ఆరేళ్లపాటు నా ఉద్యోగమంతా ఆ మధ్య గడిలోనే నడిచింది.

ఆ ఒకాయనను నేను అన్నా అని పిలిచేదాన్ని. చుట్టరికమేమీ లేదు. పక్క బల్ల దగ్గర పనిచేసే మగమనిషిని పిలవడానికి జహీరాబాద్‌లో అప్పట్లో ఇంకో మాట లేదు. ఆయన నన్ను చెల్లె అనేవాడు. ఇద్దరం ఐ.టి.ఐ.లో ఒకే కోర్సు చదివాం. నేను డెబ్బైల చివర్లో హైదరాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉండి చదువుకున్నాను. క్లాసు మొత్తంలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఎనభైల మొదట్లో, బొంబాయి రోడ్డు మీద ట్రాక్టర్లకు ట్రాలీలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇద్దరం ఒకే నెలలో చేరాం. ఆయన డ్రాఫ్ట్స్‌మన్‌గా, నేను ట్రేసర్‌గా. ఆయన జీతం మూడు పాళ్లయితే నాది రెండు పాళ్లు.

చేరిన రోజునే డ్రాయింగ్ ఆఫీసు పెద్దసారు నాకు కారణం చెప్పారు. “ఆడపిల్లల చెయ్యి సాఫ్‌గ ఉంటదమ్మా. ట్రేసింగు నీకే మంచిగుంటది.”

సాఫ్‌గా ఉన్న చేతికి తక్కువ జీతం ఎందుకని అడగాలని నాకు అప్పుడు తోచలేదు. తోచేసరికి ఉద్యోగం ఆర్డరు మీద సంతకం పెట్టేశాను.

పని ఇలా ఉండేది. అన్న మందపాటి కాగితం మీద పెన్సిలుతో గీసేవాడు. నేను దాని మీద పల్చటి ట్రేసింగ్ పేపరు పరిచి, నల్ల సిరాతో ఉన్నదున్నట్టు ఎక్కించేదాన్ని. తిరిగి అన్న రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి చూసి, మూడో గడిలో సంతకం చేయాలి. ఆ సిరా కాగితం నుంచి ప్రింట్లు తీసి షాపులోకి, అంటే యంత్రాలుండే షెడ్డులోకి పంపేవారు. అక్కడివాళ్లు అది చూసి ఇనుము కోసేవారు.

అన్న చెయ్యి వేగం. పని తెలిసినవాడు, మంచివాడు కూడా. కాని కుడి, ఎడమ ఆయనకు ఒకటే. ట్రాలీకి అటొకటి ఇటొకటి బిగించే బ్రాకెట్లుంటాయి, ఒకదాన్ని అద్దంలో చూస్తే రెండోది. ఆయన రెంటినీ ఒకేలా గీసేవాడు. చేరిన రెండో నెలలోనే ఎడమ బ్రాకెట్టుకు రంధ్రాలు కుడిపక్క కనబడ్డాయి. చెబుదామని లేచాను. ఆయన టీకి వెళ్లాడు. షాపు నుంచి మనిషి వచ్చి ప్రింటు కావాలని తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను రంధ్రాలను ఎడమకు మార్చి సిరాతో ఎక్కించాను. అన్న వచ్చి, చూడకుండా సంతకం పెట్టి, ప్రింటు తీయించి ఆ మనిషి చేతికిచ్చాడు.

తరువాత అదే అలవాటైంది. కూరలో ఉప్పు తక్కువైతే వండినవాళ్లను పిలిచి చెబుతామా, వేసేస్తాం. నేనూ వేసేస్తూ వచ్చాను. అన్న డ్రాయింగైతే కళ్లు మూసుకుని ఇనుము కోయొచ్చని షాపులో పేరు పడింది. ఆ పేరు మీద ఆయనకు రెండుసార్లు జీతం పెరిగింది. నాకు ప్రతి ఏడాదీ డైరీ ఇచ్చేవారు.

మా అమ్మ కోహీర్ దగ్గర పొలం పనికి వెళ్లేది. జీతం తేడా సంగతి ఆమెకు చెప్పాను.

“మాకు గంతే కద బిడ్డా. కలుపు తీసినోళ్లకు తక్కువ, నాగలి పట్టినోళ్లకు ఎక్కువ. నువ్వు నాగలి పట్టలేదా ఆడ?”

“ఇద్దరం పెన్నే పడ్తమమ్మా.”

అమ్మ చేట అందుకుంది. “అయితె పెన్నులల్ల గూడ ఆడ పెన్ను, మొగ పెన్ను ఉన్నట్టున్నయి” అని జొన్నలు చెరగడంలో పడింది.

ఆరో ఏడు డ్రాఫ్ట్స్‌మన్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. నాకది కావాలి. అంతకు ముందు దేన్నీ అంతగా కోరుకున్న గుర్తు లేదు. దరఖాస్తు తీసుకుని వెళ్తే పెద్దసారు, షాపులోకి వెళ్లి కొలతలు తీసిన అనుభవం ఉండాలన్నారు. వెళ్తానన్నాను. చీర కొంగు యంత్రంలో పడుతుందన్నారు. సల్వార్ కమీజు వేసుకొస్తానన్నాను. అప్పుడు షాపులోవాళ్లు పని వదిలి చూస్తారన్నారు. ఈ రెంటి మధ్య పనికొచ్చే బట్టలేవో ఆయనకూ తెలిసినట్టు లేదు. “వచ్చే నెల ఇంటర్వ్యూ పెడ్త. జర ఓపిక పట్టమ్మా, చూద్దాం” అన్నారు.

ఆ మధ్యలోనే ఫ్యాక్టరీ వార్షికోత్సవం వచ్చింది. డిబేటు పెట్టారు. అంశం: సాంకేతిక ఉద్యోగాలలో స్త్రీలు వెనుకబడుటకు కారణములు. తప్పు స్త్రీలదని ఒకరు, తప్పు సమాజానిదని ఒకరు వాదించాలి. ఫ్యాక్టరీలో ఆడవాళ్లం నలుగురం. మేము మాట్లాడితే పక్షపాతం అవుతుందని రెండు పక్షాలకూ మగవాళ్లనే పెట్టి, మాకు ముగ్గు అప్పగించారు.

తప్పు స్త్రీలదనే పక్షం, మా హాజరు రాసే టైమ్ ఆఫీసు గుమాస్తాది. ఆడవాళ్ల తలకు యంత్రం ఎక్కదని ఆయన వాదన. ఆయన భార్య ఇంట్లో రెండు కుట్టు మిషన్లు పెట్టి, చెడిపోతే తనే విప్పి బాగు చేసుకునేది. వాటిని ఆయన యంత్రాల్లో కలపలేదు.

తప్పు సమాజానిదనే పక్షం అన్నది. నాలుగు పేజీలు పెన్సిలుతో రాసుకొచ్చాడు. “చెల్లె, జర ఫేర్ చేసి ఇయ్యి. పెద్దక్షరాలతోని రాయి, మైకు దగ్గర నాకు కండ్లు ఆనవు” అని నా బల్ల మీద పెట్టాడు.

చదివాను. కారణాలు చాలా ఉన్నాయి. మూఢనమ్మకాలు ఉన్నాయి, వంటిల్లు ఉంది, పూర్వకాలం ఉంది, చదివించని తండ్రులు ఉన్నారు. సరస్వతీదేవి రెండుచోట్ల వచ్చింది. ఎక్కడెక్కడి కారణాలో వచ్చాయి గాని, మా గదిలోనుంచి ఒక్కటీ రాలేదు. నాకు కోపం వచ్చింది. గుమాస్తా కాగితం చదివినా అంత కోపం వచ్చేది కాదు.

పెద్దక్షరాలతో సాఫ్‌గా రాసిచ్చాను. మూడో పేజీ చివర ఒక పేరా నాది కలిపాను. మామూలుగా తప్పులు దిద్దేదాన్ని, ఈసారి వదిలేసినదాన్ని పూరించాను, అంతే. అన్న అది తీసుకుని, చూడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. చూస్తాడేమోనని నేను భయపడలేదు. ఆరేళ్ల అలవాటు ఒక్క పూటలో పోదు.

సభ రోజు అన్న బాగానే మొదలుపెట్టాడు. చదవడం కూడా ఆయనకు గీసినంత వేగం. సరస్వతీదేవి మొదటిసారి వచ్చి వెళ్లింది. మూడో పేజీ వచ్చింది.

“ఎక్కడో ఎందుకు, మా డ్రాయింగ్ ఆఫీసునే చూడండి. ట్రాలీ ఎడమ బ్రాకెట్టుకు రంధ్రాలు కుడిపక్క గీసి ఉన్నాయి. తొట్టి తలుపుకు కీలు తిరగబడి ఉంది. ఈ తప్పులు షాపుకు చేరకముందే దిద్దినది మా ట్రేసరు. గీసినది నేను. చూడకుండా సంతకం పెట్టినదీ నేనే.”

ఆ చివరి మాట దగ్గర అన్న ఆగాడు. కాగితం కళ్లకు దగ్గరగా తెచ్చుకుని చూశాడు. నేను ముగ్గు పక్కన పూల పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇంతలో సభంతా చప్పట్లు. తన తప్పు తానే చెప్పుకున్నాడు, ఎంత పెద్ద మనసని ముందు వరుసలో ఎవరో అన్నారు. అన్నకు మొదటి బహుమతిగా స్టీలు టిఫిను క్యారియరు వచ్చింది. పెద్దసారు మాత్రం చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు ఆయన బీరువాలోంచి పాత పెన్సిలు డ్రాయింగులన్నీ తీయించి, ట్రేసింగుల పక్కన పెట్టి చూశారు. రెండు రోజులు పట్టింది. మూడోరోజు నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా డ్రాయింగులు మార్చినందుకు సంజాయిషీ ఇవ్వాలట. మెమో ఉన్నవాళ్లను ఇంటర్వ్యూకు పిలవరు. నేను పెద్దసారు ముందు నిలబడ్డాను.

“ఆయన దిద్దుమని చెప్తె అది హుకుం. చెప్పకుంట దిద్దితె అది నీ తప్పు. ఆయనతోని రాయించుకొని రా” అన్నారు.

అన్న దగ్గరకు వెళ్లాను. సభ తరువాత ఆయన నాతో మాట్లాడటం అదే మొదలు.

“దాందేముంది చెల్లె. దిద్దుమని నేనే చెప్పిన అని రాసిస్త. నీ మెమో పోతది.”

మెమో పోతుంది, నిజమే. దాంతోపాటు నేను దిద్దిన ప్రతి గీతా ఆయన చెబితే గీసినదవుతుంది. ఆ పోస్టుకు చూపించడానికి నా దగ్గర ఉన్నవి ఆ గీతలే.

“నువ్వు చెప్పలే కదన్నా” అన్నాను.

“చెప్పలే.” ఆయన పెన్సిలు చెక్కుతూ తలెత్తలేదు. “గాని నాకు ఎరుకే. మొదటి ఏడే చూసిన. నువ్వున్నవని ధీమా. అందుకే మల్ల చూస్కోలే.”

ఆయనకు తెలియదనుకున్నాను. తెలియదు పాపం అనుకునే ఆరేళ్లూ మనసులో ఆయన్ను వెనకేసుకొచ్చాను. జీతం పెరిగిన రెండుసార్లూ ఆయన పంచిన మిఠాయి తిన్నాను. ఆయనకు తెలుసు. డిబేటులో ఇద్దరూ కలిసి ఇరవై నిమిషాలు కారణాలు చెప్పారు, ఈ ఒక్కటీ ఎవరికీ తట్టలేదు.

“ఇప్పుడు అన్నవు చూడు, అదే రాసియ్యి” అన్నాను.

“నాకు గూడ మెమో ఇస్తరు.”

“ఇస్తరు.”

మధ్యాహ్నం వరకూ ఆయన ఏమీ గీయలేదు. తినే వేళకు కొత్త క్యారియరు మూత తీసి, మళ్లీ పెట్టేశాడు. మూడు గంటలకు ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. దిద్దుబాట్లన్నీ ట్రేసరు సొంతంగా చేసినవేనని, తనకు తెలిసే ఊరుకున్నానని, ఫలానా ఫలానా డ్రాయింగులని రాసి ఉంది. ఫేర్ చేసి ఇయ్యమని అడగలేదు. నేను చదివాను. అలాగే తీసుకెళ్లి పెద్దసారుకు ఇచ్చాను.

ఆయన అద్దాలు పెట్టుకుని చదివారు. ఒకచోట వేలు ఆగింది.

“ఇందుల కుడి బ్రాకెట్ అని రాసిండు. అది ఎడమది కద?”

“అవు సార్.”

“నువ్వు చూడలే?”

“చూసిన సార్.”

“మరి దిద్దలేదేంది?”

“దిద్దితె మల్ల మెమో ఇస్తరు సార్.”

పెద్దసారు ఎర్ర పెన్సిలు తీసి ఆ మాటను తానే కొట్టేసి ఎడమ అని రాశారు. మెమో ఇవ్వడానికి కాకుండా ఎవరైనా దేన్నైనా సరిచూడటం ఆ ఆఫీసులో అదే మొదటిసారి చూశాను.

తెలిసి ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని నా మెమో తీసేసి, ఇంటర్వ్యూకు పిలిచారు. పోస్టు వచ్చింది. సర్వీసు మాత్రం కొత్త పోస్టులో చేరిన రోజు నుంచే లెక్క, ట్రేసింగు అనుభవం అనుభవం కిందికి రాదన్నారు. అన్నకు మెమో వచ్చింది. మేమిద్దరం రిటైరయ్యేదాకా ఆయన జీతం నాకంటే ఎక్కువగానే ఉండేది. అయినా అన్నా అనే పిలిచాను. వేరే మాట వెతికే ఓపిక లేకపోయింది.

నా పాత బల్ల దగ్గరికి చిరాగ్‌పల్లి నుంచి ఒక అమ్మాయి ట్రేసర్‌గా వచ్చింది. అదీ ఐ.టి.ఐ. చదివిందే. తప్పు కనబడితే దిద్దకు, వచ్చి చెప్పు అని మొదటి రోజే చెప్పాను. వారం తిరక్కముందే నా డ్రాయింగు పట్టుకుని వచ్చి నిలబడింది.

“అక్కా, ఈ కొలత కలుస్తలేదు.”

కూడి చూశాను. నాదే తప్పు. నాకు కోపం వచ్చింది, అబద్ధమెందుకు. ఇంత చిన్నదానికి పిలిచి చెప్పాలా, నువ్వే దిద్దేయొచ్చు కదా అనే మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగడానికి కొంచెం సమయం పట్టింది. కొలత దిద్ది ఇచ్చాను. అమ్మాయి సిరాతో ఎక్కించి తెచ్చింది. మూడో గడి చూపించి, ఇక్కడ నువ్వే సంతకం పెట్టు అన్నాను.

ట్రేసర్లకు సరిచూసే అధికారం లేదని పెద్దసారు మెమో ఇచ్చారు. ఈసారి అది నా పేరు మీద వచ్చింది. తీసుకున్నాను.