నా కంచంలో వదిన చెయ్యి

ఒక ఆదివారం మధ్యాహ్నం, బంధువులు భోజనానికి వచ్చినప్పుడు, మా వదిన నా కంచంలోంచి అన్నం తీసేసింది. వదిన అంటే మా ఆయన అక్కగారు. నేను అన్నం పెట్టుకుని పప్పు గిన్నె అందుకోబోతున్నాను. పక్కన కూర్చున్న ఆమె నా కంచం తన వైపు లాక్కుని, గరిటెతో సగానికి పైగా తీసి గిన్నెలో వేసేసింది.

"ఇంకా కలపలేదు కదా, ఎంగిలవలేదులే," అంది అందరి వైపూ చూసి. "చెప్పేవాళ్లు లేక ఈ మనిషి ఇలగయిపోయింది."

ఎవరో నవ్వారు. మా ఆయనా నవ్వాడు. నేను మిగిలిన అన్నంలోనే పప్పు కలుపుకుని తిని లేచాను. ఆ రోజు పుట్టిన కోపం ఇప్పటికీ నాలో ఉంది. దాన్ని పోగొట్టుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

హౌరా దగ్గర సంత్రాగాఛిలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద వదిన, ఆమె భర్త ఉంటారు. పైన మేమిద్దరం. మా పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ కూడా తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. నేను గంగకి అవతలి ఒడ్డున ఒక బ్యాంకులో పనిచేస్తాను. పొద్దున్నే లోకల్ ట్రైన్‌లో హౌరా, అక్కడ నుంచి లాంచీ, దిగాక కొంచెం నడక. ఆ నడకే నాకు కష్టమైపోయింది. నలభై ఐదు దాటాక మోకాళ్లు పట్టేయడం మొదలైంది. షుగర్ అంతకు ముందు నుంచే ఉంది, పొద్దున్నే దానికో మాత్ర వేసుకుంటాను. మోకాళ్లు చూసిన డాక్టరు బరువు తగ్గమన్నాడు. ఎలా తగ్గాలో చెప్పలేదు. ఆ ఖాళీలోకి మా వదిన వచ్చి కూర్చుంది.

ఆమె అంతకు ముందు ఏడాదే బాగా సన్నబడింది. అన్నం, రొట్టె, బంగాళాదుంప, మిఠాయి అన్నీ మానేసి గుడ్లు, చేపలు, పనీరు, నెయ్యి, ఆకుకూరలతో బతికింది. పాత జాకెట్లన్నీ వదులైపోయాయి. ఎదురింటి బెంగాలీ ఆడవాళ్లు ఆమెని మెట్ల మీద కూర్చోబెట్టి వివరాలు అడిగేవారు. సన్నబడటం తప్పేమీ కాదు. సన్నబడిన మర్నాటి నుంచి లోకంలో లావుగా ఉన్నవాళ్లందరి మీదా తనకి అధికారం వచ్చిందనుకోవడమే నాకు గిట్టలేదు.

ఆ ఆదివారం తర్వాత మా ఆయన ఒకటే పాట. అక్కని అతను అప్ప అంటాడు. "అప్ప చెప్పినట్టు చెయ్యరాదా? కళ్ల ముందే కనిపిస్తంది కదా."

సరేనని చేశాను. వదిన పొద్దున్నే పైకి వచ్చి నా డబ్బాలో ఏముందో చూసేది. వెన్న వేసిన టీ ఇచ్చి, తాగేదాకా గుమ్మం దగ్గరే నిలబడేది. మధ్యాహ్నం ఆఫీసులో చల్లారిన గుడ్లూ, నెయ్యిలో వేయించిన పనీరూ ముందు పెట్టుకుంటే కడుపులోంచి వికారం వచ్చేది. తలనొప్పి, మలబద్ధకం, నోట్లో ఏదో తుప్పు రుచి. నేను నోరు తెరిస్తే పక్క టేబుల్ ఆమె మొహం పక్కకి తిప్పుకోవడం చూశాను. బరువు కొంత తగ్గిన మాట నిజమే. కానీ వారాలు గడిచే కొద్దీ తిండి అంటేనే నాకు ఏడుపు వచ్చేది. ఒక సాయంత్రం స్టేషన్ బయట నిలబడి మూడు పొట్లాల మూడీ, అంటే మరమరాలు, కొనుక్కుని ఒకదాని తర్వాత ఒకటి తినేశాను. ఇంటికి వచ్చి, ఇక ఈ తిండి నావల్ల కాదని చెప్పేశాను.

"నీకు తిండి మీద ఆపేక్ష ఎక్కువ," అంది వదిన. "ఒళ్లు కాదు, ముందు మనసు తగ్గాల."

"మీ తిండి నాకు పడటం లేదు వదినా."

"నాకు పడింది, మరి నీకెందుకు పడదు? నిన్నేటైనా వేరే మట్టితో చేసినారా?"

మా ఆయన అప్పుడు మధ్యలోకి వచ్చాడు. నా తరఫున వచ్చాడేమో అనుకున్నాను. అతనికి ఫోన్‌లో చూసిన ఇంకో పద్ధతి ఉంది. పొద్దున్న టిఫిన్ మానేసి, మధ్యాహ్నం ఒంటి గంట నుంచి రాత్రి తొమ్మిది లోపల మాత్రమే తినాలట. ఆ వేళల్లో అన్నం కూడా తినొచ్చట. ఇది మాత్రం అక్కకి నచ్చలేదు.

"అన్నం తింటే మళ్లీ మొదటికే వస్తాది," అంది.

"అలగేం కాదప్పా. ఎప్పుడు తింటన్నామో అదే ముఖ్యం," అన్నాడు.

నా వంటింట్లో నిలబడి వాళ్లిద్దరూ నా పొట్ట గురించీ, నా నోటి చాపల్యం గురించీ చాలాసేపు వాదించుకున్నారు. ఎదురుగా నేను వంకాయలు తరుగుతున్నాను. నీకు ఎప్పుడు ఆకలేస్తుంది, ఏది తింటే హాయిగా ఉంటుంది అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. సంతలో ఆవు పక్కన నిలబడి బేరం ఆడేవాళ్లు కూడా అప్పుడప్పుడూ ఆవు వైపు చూస్తారు.

చివరికి మా ఆయన పద్ధతికే ఒప్పుకున్నాను. అది మంచిదని కాదు. దానివల్ల వదిన పొద్దున్నే నా వంటింట్లోకి రావడం ఆగిపోతుందని. ఒక్క అనుమానం మాత్రం వచ్చింది.

"మరి షుగర్ మాత్ర సంగతేటి? టిఫిన్‌కి ముందు కదా వేసుకోమన్నారు," అని అడిగాను.

"మాత్ర మానకూడదు. అది మామూలుగా వేసేసుకో," అన్నాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే. డాక్టర్ని అడుగుదామన్నాను. దానికి కూడా డాక్టరేటి అన్నాడు.

రెండు మూడు రోజులు నీరసంగా ఉంది. అలవాటు అయ్యేదాకా అలాగే ఉంటుందన్నాడు. ఆ తర్వాత ఒక పొద్దున్న హౌరాలో లాంచీ ఎక్కాను. ఎండ ఇంకా ముదరలేదు, గంగ మీద గాలి కూడా వేస్తోంది. అయినా నాకు ఒళ్లంతా చెమట పట్టేసింది. చేతులు వణుకుతున్నాయి. హౌరా వంతెన రెండుగా కనిపించింది. రెయిలింగ్ పట్టుకుందామని చెయ్యి చాచాను గాని అది నాకు అందలేదు.

కళ్లు తెరిచేసరికి లాంచీ నేల మీద ఉన్నాను. ఎవరో పెద్దాయన నా తల పట్టుకుని, నోట్లో సందేశ్ ముక్క కుక్కుతున్నాడు. ఎవరింటికో తీసుకెళ్తున్న మిఠాయి పెట్టె ఆయన పక్కనే విప్పి ఉంది. ఇంకొకావిడ నా పర్సులో మాత్రల పట్టీ చూసి పైకి చదువుతోంది.

"దీదీ, మీకు షుగరా? పొద్దున్న ఏం తిన్నారు?" అని బెంగాలీలో అడిగాడాయన.

ఏమీ తినలేదని చెప్పాను. "ఉపవాసమా? ఏ పూజకి?" అన్నాడు.

బరువు తగ్గడానికి అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. "చదువుకున్నవాళ్లు కదా మీరు. మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకుంటారా? నీళ్లలో పడి ఉంటే?" అని అందరి ముందూ గట్టిగా కేకలేశాడు. కోప్పడుతూనే ఇంకో ముక్క పెట్టాడు. ఆయన మాట్లాడింది న్యాయమే అయినా, ఆ క్షణంలో ఆయన మీదా కోపం వచ్చింది నాకు. నన్ను తిట్టడానికి ఈ ఊళ్లో ఇంకా ఎవరు మిగిలారా అనుకున్నాను.

ఒడ్డుకి చేరాక ఆసుపత్రిలో చేర్చారు. రక్తంలో చక్కెర బాగా పడిపోయిందనీ, నేను వేసుకునే మాత్ర తిండి ఉన్నా లేకపోయినా చక్కెరని దించేస్తుందనీ అక్కడి డాక్టరు చెప్పాడు. మా ఆయన మంచం పక్కన నిలబడి విన్నాడు. అతని మెడ మీద చెమట పట్టింది.

సాయంత్రం వదిన వచ్చింది. కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"నా మాట విని ఉంటే ఇలగయ్యేది కాదు. అన్నం కోసం కక్కుర్తి పడి వీడి మాట విన్నావు."

నేను లేచి కూర్చున్నాను. "వదినా, మీరు ఇంటికి వెళ్లండి."

"ఏటీ?"

"ఇంటికి వెళ్లండి. నన్ను చూడ్డానికి వస్తే రండి. నా తిండి గురించి మాట్లాడ్డానికైతే రావద్దు."

ఆమె తమ్ముడి వైపు చూసింది. అతను సెలైన్ సీసా వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆమె సంచీ తీసుకుని వెళ్లిపోయింది. వెనకాలే అతనూ వెళ్లాడు, ఆటో ఎక్కించి వస్తానని.

మర్నాడు ఆసుపత్రిలోని డైటీషియన్ నా మంచం దగ్గరికి వచ్చింది. మెత్తగా మాట్లాడే మనిషి కాదు. ఎప్పుడు లేస్తారు, ఇంట్లో వంట ఎవరు, ఆఫీసులో వేడి చేసుకునే వీలుందా, చేప తింటారా, మీకు ఏది తినకపోతే తిన్నట్టు ఉండదు, అని వరసగా అడిగింది. చివరి ప్రశ్నకి జవాబు చెప్పబోతే నాకు ఏడుపు వచ్చింది. ఆమె ఆగి, నేను ముక్కు తుడుచుకునేదాకా ఊరుకుని, మళ్లీ అదే ప్రశ్న అడిగింది.

"మధ్యాహ్నం అన్నం, పప్పు," అన్నాను.

వదిన పద్ధతీ మా ఆయన పద్ధతీ రెండూ చెప్పాను. రెండూ దొంగ పద్ధతులే అంటుందని ఆశపడ్డాను. అలా అనలేదు. వదినకి షుగర్ లేదు, రోజంతా ఇంట్లోనే ఉంటుంది, గుడ్డూ చేపా ఎన్నాళ్లు తిన్నా మొహం మొత్తదు. అందుకని ఆమెకి అది కుదిరింది అంది. నా రక్తంలో కొవ్వు ఎక్కువగా ఉంది, అంత నెయ్యి నాకు మంచిది కాదు. వేళలు కుదించి తినడం కూడా కొందరికి పనిచేస్తుంది, కానీ ఇలాంటి మాత్ర వేసుకునేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టకూడదు. నాకైతే మూడు పూటలా వేళకి తినడమే మంచిదంది. మధ్యాహ్నం చిన్న కప్పు అన్నం, కంచంలో సగం కూరలు, పప్పో చేపో, రాత్రి తొందరగా భోజనం. ఇది నెమ్మదిగా పనిచేస్తుందనీ, ఎవరికీ చూపించుకునేంత వింతగా ఏమీ ఉండదనీ ముందే చెప్పింది.

"ఎన్నాళ్లు చెయ్యాలి?" అన్నాను.

"ఎన్నాళ్లైనా చెయ్యగలరనే కదా ఇది చెప్పింది. చెయ్యలేనిదైతే ఇప్పుడే చెప్పండి, మారుద్దాం."

డాక్టరు మాత్ర కూడా మార్చాడు. ఇంటికి వచ్చాక మా ఆయనతో, నా కంచం గురించి నువ్వు గాని మీ అప్ప గాని ఒక్క మాట మాట్లాడితే నేను మా పుట్టింటి క్వార్టర్‌కి వెళ్లిపోతానన్నాను. అక్కడ మా తమ్ముడు ఉంటాడు. పెళ్లయ్యాక మా ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. అతను క్షమించమని అడగలేదు. లాంచీలో నేను పడిపోయిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు. ఎండదెబ్బ తగిలిందని చుట్టాలకి చెప్పుకున్నారట.

కొన్ని నెలల్లో నెమ్మదిగా బరువు తగ్గాను. వదినంత సన్నబడలేదు, సన్నబడను కూడా. మోకాళ్లు మాత్రం నా మాట వింటున్నాయి. స్టేషన్‌లో పాదచారుల వంతెన మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాను. వదిన తన నెయ్యి, తన గుడ్లతో ఇంకా చక్కగానే ఉంది. ఆమె ఏదో ఒక రోజు మంచాన పడుతుందని ఎదురుచూసిన రోజులున్నాయి. పడలేదు. ఆమె తిండి ఆమెకి పడింది, అంతే. అది ఒప్పుకోవడానికి నాకు చాలా కష్టమైంది.

ఈ చలికాలం ఖిదిర్‌పూర్‌లో చుట్టాలింట్లో పిల్లకి అన్నప్రాశన జరిగింది. పిల్ల తల్లి చిన్నది, కాన్పు తర్వాత ఒళ్లు వచ్చింది. భోజనాల దగ్గర వదిన ఆ అమ్మాయి పక్కన చేరింది. "అన్నం మానెయ్, నానున్నాను కదా, మూడు నెలల్లో మునుపటిలాగ చేసేస్తాను," అంటోంది. ఆ అమ్మాయి తల ఊపుతూ విస్తరి వైపు చూస్తోంది. వడ్డిస్తున్నవాళ్లు అన్నం పట్టుకుని నిలబడ్డారు.

"ఆ పిల్ల ఇంకా పాలిస్తోంది," అన్నాను ఎదురు వరస నుంచి. "డాక్టర్ని అడగకుండా ఏదీ మానకూడదు."

వదిన తల తిప్పింది. "నువ్వేటి, డాక్టరువా?"

"కాను. మీరూ కారు."

వదిన తినకుండానే లేచింది. మా ఆయన నా వైపు ఒక చూపు చూసి, ఆమెని ఇంటికి దింపడానికి వెళ్లాడు. నేను కూర్చుని తిన్నాను. పాయసం ఒక చెంచా వేయించుకున్నాను. తర్వాత ఒక్కదాన్నే బస్సెక్కి ఇంటికి వచ్చాను.

ఆ అమ్మాయి చివరికి ఏ తిండి ఎంచుకుందో నాకు తెలియదు. నేను అడగలేదు.