మచ్చ నల్లబడాలని మొక్కుకున్నాం

డాక్టరు అంకుల్ పోయారు. మొన్న పొద్దున్న వాళ్లుండే పోర్ట్‌లీష్ ఊరి నుంచి ఆంటీ ఫోన్ చేశారు. "పడుకున్న మనిషి మరి లేవలేదు నాయనా. బాధపడలేదు, అదే పదివేలు" అన్నారు. ఏడుస్తూనే నేనూ ఊపిరి పీల్చుకున్నాను. ఎదుటివాళ్లు గంటసేపు కంగారుపడితే ఓర్చుకోలేని మనిషి, తన విషయంలోనూ ఎవరినీ కంగారుపెట్టలేదు.

ఆయన ఇక్కడ డబ్లిన్ ఆసుపత్రిలో స్కానింగులు చూసే డాక్టరు. కాకినాడ మనిషి. ఎన్నేళ్లు ఐర్లండ్‌లో ఉన్నా యాస చెక్కుచెదరలేదు. ఫలితం చేతికొచ్చిందంటే కుశలప్రశ్నలు కూడా ఆ తరవాతే. "ముందు సంగతి, తరవాతే టీ" అనేవారు.

డబ్లిన్ రేవు పక్కన డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసులు ఒకటొకటిగా లేస్తున్న రోజుల్లో నేనూ ఒకదాంట్లో చేరాను. ఏడాది తిరక్కుండానే నా కాలేయంలో మచ్చ కనబడింది. క్యాన్సరేమోనని అనుమానం. మా పాపకి అప్పటికింకా సరిగా నడకే రాలేదు. నరంలోకి కంటికి కనబడనంత సన్నటి ఇనుప రేణువులు ఎక్కించి ఎం.ఆర్.ఐ. తీస్తే తేలుతుందని అంకుల్ చెప్పారు.

"ఇనుము ఎక్కించి అయస్కాంతంలో పడుకోబెడతారా?" అని నోరెళ్లబెట్టాను.

"ఇంజినీరువేనా నువ్వు? లాక్కుపోడానికి అవేమన్నా మేకులేంటయ్యా!" అని నవ్వారు. "మంచి కాలేయం ఆ ఇనుమును మింగి ఫొటోలో నల్లబడిపోద్ది. చెడ్డ కణితి మామూలుగా మింగదు, తెల్లగా ఉండిపోద్ది. మనకి నలుపే కావాలి."

ఆ వారమంతా నేను పెట్టిన దణ్ణాలన్నీ నలుపు కోసమే. ఏ పెళ్లికెళ్లినా పెళ్లికూతురు రంగు గురించి ఆరాలు తీసే మా అమ్మ కూడా "నల్లగా రావాలి తండ్రీ" అని మొక్కుకుంది. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

ఫలితం రోజు నేనూ మా ఆవిడా ఆయన గదిలో అడుగుపెట్టామో లేదో, "నలుపే! కాలేయంతో పాటు మచ్చా నల్లబడింది. క్యాన్సర్ కాదు. యూ ఆర్ గ్రాండ్ అయ్యా, నిక్షేపంగా ఉన్నావు!" అన్నారు. ఫిల్మును కిటికీ దగ్గర ఎత్తి చూపించారు. అన్నాళ్లూ నా ముందు కన్నీటిచుక్క రానివ్వని తను ఒక్కసారిగా బావురుమంది. నేనూ ఆగలేకపోయాను.

ఆయన చూపించాల్సింది ఎప్పుడో అయిపోయింది. అయినా మావైపు తిరగలేదు. మేం కళ్లు తుడుచుకునేదాకా, కిటికీవైపే తిరిగి, ఆ నల్లటి ఫిల్మును రెండు చేతులా ఎత్తిపట్టుకుని అలాగే నిలబడ్డారు.