కొళాయి కింద నూనె డబ్బా

పొద్దున తిరుపతిలో మా ఇంటి కొళాయి దగ్గి ఆగిపోగానే, రేకు డబ్బాలో నీళ్ళు పడే మోత ఒకటి చెవిలో మెదిలింది. కాణిపాకం పక్కన మన బడిలో ఎనిమిదో తరగతి చదివినవాళ్ళకు అది గుర్తుండే ఉంటుంది.

అనులోమానుపాతం కళ్ళతో చూపిస్తానని లెక్కల సారు నలుచదరపు నూనె డబ్బాను కొళాయి కింద పెట్టించాడు. ఆయన గడియారం చూసి చప్పట కొట్టినప్పుడల్లా, మన క్లాసు లీడరు ప్రమీల వెదురుపుల్ల ముంచి, తడిసినంత మేర సుద్దతో గీత పెట్టేది. గోడకు ఆనించిన నల్లబల్ల మీద గ్రాఫులో సారు పెట్టే చుక్కలు తిన్నగా పైకెక్కుతున్నాయి.

"సూసినారా? టైము పెరిగే కొద్దీ నీళ్ళూ పెరగతాయి," అన్నాడు సంబరంగా.

అంతలో నీళ్ళు ఆగిపోయాయి. సారు మాత్రం చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. పుల్ల ప్రతిసారీ పాత గీత దాకానే తడుస్తోంది.

"ఇంగ రావు సార్," అంది ప్రమీల. "మా వీధిలోనూ ఇట్నే నిలిచిపోతాది."

"ఉండు పాపా, వస్తాదేమో సూద్దాం."

గంట కొట్టినా ఎవరం కదల్లేదు. ఆయనతో సహా అందరం కొళాయి వైపే చూస్తూ నిలబడ్డాం.

ఇప్పుడు ఖాళీ బకెట్ ముందు అలాగే నిలబడి ఉన్నాను. టైము మాత్రం పెరుగుతోంది.